కవరులో దాచిన ఎత్తు

స్టీలుప్లాంటు కడుతున్న రోజులు. కూర్మన్నపాలెం నుంచి ఊళ్లోకి వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న మనిషి చిన్న నోటు పుస్తకంలో అక్షరాలూ అంకెలూ కలిపి రాసుకుంటున్నాడు. మట్కా నంబర్లనుకుని నా సంచీ ఒళ్లోకి లాక్కున్నాను.

"ఏటి బావా, అలా సూత్తన్నావ్? మట్కా కాదు, చెస్సు," అని నవ్వాడు. "నిన్న టైమైపోయి ఆట మజ్జిలో ఆపీసినారు. ఎదుటోడు తన ఎత్తు కాయితమ్మీద రాసి కవర్లో పెట్టి సీలేసినాడు. తొమ్మిదికి ఇప్పుతారు. అదేటై ఉంటదో సూసుకుంటన్నాను."

"గెలిస్తే ఎంతిస్తారు?"

"నూటేబై. నాది హార్బర్‌లో ఐసు ఫ్యాక్టరీ పని. ఈయేల కూడా రాకపోతే మరి రావద్దన్నాడు మేస్త్రి."

నాకు చదువు తక్కువే గాని లెక్క తప్పదు. ఇది ఎటు కూడినా నష్టమే. ఇంత నష్టం నవ్వుతూ చెప్పేవాడు చివరికి అప్పు అడుగుతాడని జేబు మీద చెయ్యి వేసుకున్నాను.

అతను పుస్తకంలో ఒక వరుస మీద వేలు పెట్టాడు. "కవర్లో ఇదుంటే నాను ఓడిపోయినట్టే."

"అయితే పనికే వెళ్లొచ్చుగా?"

"ఆడికిది కనపడిందో లేదో తెలీకండా ఎలా ఎల్తాను బావా?"

కాసేపటికి నా వైపు వంగాడు. ఇక అడుగుతాడనుకున్నాను. అడిగాడు. "టైమెంతయినాది?"

"ఎనిమిదీ యాభై."

రాస్తున్న వరుస సగంలో ఆపేసి, బస్సు నెమ్మదించగానే దూకి పరుగెత్తాడు.

నా వాచీని ఎప్పుడూ పది నిమిషాలు ముందుకు పెట్టుకుంటాను. మాట పెరుగుతుందని ఆ సంగతి చెప్పలేదు. అతను ఆలోచించుకోవాల్సిన పది నిమిషాలు నా దగ్గరే ఉండిపోయాయి.