ఉస్తాద్ పెట్టని తలకట్టు

మా ఊరి నాటకాలకు దయ్యాల బొమ్మలు వేసింది నేనే. ఎరుపు ఎక్కడ, నలుపు ఎక్కడ పడితే జనం జడుసుకుంటారో తెలిసినవాణ్ణి. అలాంటి నేను దయ్యాలను ఎలా నమ్ముతాను?

నాకు బ్రష్షు పట్టడం నేర్పింది రాజోలి హనుమప్ప ఉస్తాద్. ఎడమచేతి వాటం. ఆయనకో పద్ధతి ఉండేది. బోర్డంతా రాసి, చివరి అక్షరానికి తలకట్టు మాత్రం వదిలేసేవాడు. దుకాణం తెరిచే రోజు బ్రష్షు యజమాని చేతికిచ్చి, ఆ చేతి మీద తన చెయ్యి వేసి గీయించేవాడు.

గద్వాలలో నేను డిజైనింగ్ దుకాణం పెట్టినప్పుడు బోర్డు ఆయనే రాశాడు. తెరిచే రోజు నేనొక తెలివితక్కువ పని చేశాను. గొప్పకు పోయి, ఆయన రాకముందే గుమ్మానికి ఫ్లెక్సీ కట్టాను.

ఆయన దాన్ని చూసి బ్రష్షు కింద పెట్టాడు.

"ఫ్లెక్సీ కట్టుకున్నవ్ గద, ఇంగ నా చెయ్యెందుకురా?"

మళ్లీ నాతో మాట్లాడలేదు. మా బోర్డు మీద చివరి 'ర' సున్నాలాగే మిగిలింది. పోయిన ఏడు ఆయన పోయాడు. క్షమించమని అడిగే దారి కూడా మూసుకుపోయింది.

ఆ బాధతోనే ఆయన అక్షరాలను కంప్యూటర్ ఫాంటుగా చేయడం మొదలుపెట్టాను. అలంపూర్, పెద్దమందడి తిరిగి ఆయన రాసిన గోడలన్నీ ఫోటోలు తీశాను. అక్షరాలన్నీ కుదిరాయి. తలకట్టు ఒక్కటే, గోడల మీది సన్నటి గీత వెలిసిపోయి, నేను ఎంత గీసినా పీనుగలా ఉండేది. అది లేకుండా ఫాంటు బయటపెట్టడానికి మనసొప్పలేదు.

ఒక మధ్యాహ్నం ఆయన కూతురు అనసూయ ఫాంటు చూడటానికి వచ్చింది. మగ్గం నేసే మనిషి, గీత వంకర పోతే ఇట్టే పట్టేస్తుంది. వెనక గదిలో గోడకు ఆనించిన ఆ పాత బోర్డు చూపించాను. తలకట్టు లేని జాగాను వేలితో తడిమింది. తర్వాత ఇద్దరం అదే గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నాం.

కరెంటు పోయింది. కిటికీ లేని గది.

ఎనామిల్ వాసన గుప్పుమంది. నా దుకాణంలో పెయింటు డబ్బా లేక ఏళ్లయింది.

"అన్నా, మా నాయిన వాసనొస్తున్నది," అంది అనసూయ.

బల్ల మీదున్న నా కుడిచెయ్యి లేవడం లేదు. దాని మీద ఏదో బరువు. నొక్కుతోంది, మెల్లగా పక్కకు జరుపుతోంది. ఒళ్లంతా చెమట. నిజం చెప్తున్నాను, అంత భయం నేనెప్పుడూ ఎరగను.

కరెంటు వచ్చింది. బరువు పోయింది. అనసూయ బోర్డు వైపే చూస్తోంది.

'ర' మీద తలకట్టు ఉంది. ఎర్రగా, తడిగా. ఎడమచేతి వాటం గీత. ముట్టుకుంటే ఆమె వేలికి రంగంటింది.

"నేనే లేచి గీసిన్నా?" అని అడిగాను.

"నువ్వు లేవనే లేవలే అన్నా. నీ కుర్చీ పట్టుకునే ఉన్న నేను."

ఆ గీతనే ఫోటో తీసి ఫాంటులో పెట్టాను. ఫ్లెక్సీ పీకేసి బోర్డు ఎక్కించాను.

ఆ రోజు నా కుడిచేతి వెనక ఎర్రటి బొటనవేలి ముద్ర ఒకటి కనబడింది. కిరోసిన్‌తో తుడిస్తే పోయేదే. నాకే తుడవబుద్ధి కాలేదు.