విడవమని చెప్పని పథ్యం

జహీరాబాద్‌లోని నా పళ్ల దవాఖానకు ఝరాసంగం వైపు నుంచి షేర్ ఆటోలో ఒక అవ్వ వచ్చేది. కింది దవడలో ఆమెకు మిగిలినవి రెండు కోరపళ్లే. వాటి వేళ్లకు చికిత్స చేసి, చిగురుకు రెండు మిల్లీమీటర్ల ఎత్తున గుండ్రంగా అరగదీసి, వాటి మీద కూర్చునేలా కట్టుడు పళ్ల సెట్టు చేశాను. వేరు గట్టిగా ఉన్నంతకాలం చుట్టూ ఎముక నిలుస్తుంది. ఎముక నిలిచినంతకాలం సెట్టు కదలదు. ఆమె కోరింది ఒక్కటే: జొన్నరొట్టెను పప్పులో నానబెట్టకుండా నమలాలి.

నాలుగేళ్లు నమిలింది. నొప్పి లేదు కనుక రాలేదు. మొన్న చలికాలంలో సెట్టు ఊగుతోందని వచ్చింది. ఎక్స్‌రేలో రెండు వేళ్ల చుట్టూ ఎముక దాదాపు కొనదాకా కరిగిపోయి ఉంది. సెట్టు మాత్రం నిన్న చేసినంత శుభ్రంగా ఉంది. దాని కింద, అరగదీసిన పళ్ల మొద్దుల మీద గార పేరుకుంది. చిగురు ముట్టుకుంటే రక్తం వచ్చింది.

“సెట్టు గింత తెల్లగ కడిగినవ్, ఈ రెండు మొద్దులు ఎందుకు తోమలేదవ్వా?”

“నువ్వే వద్దంటివి గద బిడ్డా. ‘నేను చెప్పేదాక ఆడ బ్రష్ పెట్టకు’ అన్నవు. ‘తోము అత్తా, ఏంగాదు’ అని మా కోడలు ఒకటే పోరు. ‘పత్తెం వెట్టినోళ్లే ఇడువుమనాలె, నువ్వేమన్న డాక్టర్‌వా’ అన్న దానితోని!” ఆమె నవ్వింది.

పళ్లు అరగదీసిన రోజు, చిగురు మానడం కోసం అన్న మాట అది. తరువాత సెట్టు అమర్చి, దాన్ని కడిగే పద్ధతి చూపించాను. మొదటి మాటను వెనక్కి తీసుకోలేదు. పాత కాగితాలు తీశాను. వేళ్ల పొడవు, ఎముక ఎత్తు, అన్నీ ఉన్నాయి. మొద్దులు తోమమని చెప్పినట్టు ఒక్క ముక్క లేదు.

తప్పు నాదేనని చెప్పాను. రెండు వేళ్లూ తీసేయాలనీ, ఇంప్లాంట్లకు అక్కడి ఎముక చాలదనీ చెప్పాను.

“మల్ల రొట్టె?”

“పప్పుల నానవెట్టుకోవాలె అవ్వా.”

 అవ్వ నోరు తెరిచింది. వేళ్లు పట్టకారుకు ఏ పెనుగులాటా లేకుండా వచ్చాయి. దూది కరిచిపట్టించి, బయట బల్ల మీద కూర్చోబెట్టాను. అప్పుడు సమయం పదకొండు.

రెండింటికి భోజనానికి లేచి వస్తే, ఆమె అక్కడే ఉంది, దవడ బిగించి. దూది అరగంట ఉంచితే చాలు. కాని నేను అలవాటు కొద్దీ అన్నది, “చెప్పేదాక తియ్యకు” అనే.

పక్కన కూర్చుని, నా చేత్తోనే దూది తీశాను.

“ఇంక చాలవ్వా.”

“చెప్పినవ్ గద, పోత,” అని కొంగుతో మూతి తుడుచుకుని, ఆటోల దిక్కు నడిచింది.