‘విన్నాను’ అని రాసిన చీటీ

ఆరేళ్ళుగా మోస్తున్నాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

మాది రేపల్లె. గిటార్లు బాగుచేసుకునేవాణ్ణి. తెనాలిలో యుకులేలేలు అమ్మే కరీం బాబాయ్ దగ్గర పనికి కుదిరాను. యుకులేలే నాలుగు తీగల వాయిద్యం, గిటారు పిల్లలా ఉంటుంది. బాబాయ్‌తో పనంటే కత్తి మీద సామే. ముడి వంకరగా ఉందని ఒకే తీగను నాలుగుసార్లు కట్టించేవారు. వెంటనే తన క్యారేజీలో కూర సగం నా గిన్నెలో వేసి, “గిటారు చేతులు, ఏం చేస్తాం, తిను” అనేవారు. ఆయన మీద కోపం నిలిచేది కాదు.

ఆయనకో అలవాటుండేది. పెట్టె మూసేముందు వాయిద్యాన్ని చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, నాలుగు తీగలూ మీటేవారు. చీటీ మీద పెన్సిలుతో ‘విన్నాను’ అని రాసి లోపల పెట్టేవారు. గ్యారంటీ అడిగితే అదే చూపించేవారు.

నేను చేరిన రెండో రోజు, ఇంకా తీగ ముట్టనివ్వకముందే, బాపట్లలో ఒక టీచరుగారికి ఒకటి ఇచ్చి రమ్మన్నారు. రైల్లో పెట్టె తెరిచాను. ఎందుకు? ఎలా మోగుతుందో చూద్దామని. అంతే. మీటితే పై తీగ సన్నగా పలికింది. గిటారుకు పై తీగే అన్నిటికన్నా లావు. పాపం, బాబాయ్ చెవి మందగించిందనుకున్నాను. ఆయన పరువు కాపాడదామని నా సంచిలోని లావు నైలాన్ తీగ వేసేశాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. నిజంగా ఆయన పరువు కోసమేనా, నా పనితనం చూసుకుని మురవడానికా? ఇప్పటికీ తేలలేదు.

మర్నాడే టీచరుగారు కొట్టుకు వచ్చారు.

“పై తీగ బొంగురుగా మోగుతోందండి. మీరు విని ఇచ్చిందేనా ఇది?”

బాబాయ్ ఒకసారి మీటారు. “దీనికి పై తీగ సన్నగానే పలకాలమ్మా” అన్నారు. నాకు అప్పుడే తెలిసింది. ఆయన తన చీటీని తిప్పి తిప్పి చూసుకుని నావైపు తిరిగారు.

“అబ్బాయ్, దారిలో పెట్టె ఎవరైనా తెరిచారా?”

“లేదు బాబాయ్.”

“అయితే తప్పు నా చెవిదే.”

నేను భుజాలైనా తడుముకోలేదు. అంత తేలిగ్గా అబద్ధం ఎలా వచ్చిందో.

ఆ రోజు నుంచి ఆయన ‘విన్నాను’ అని రాయలేదు. శ్రుతి చూసే మిషను కొన్నారు. నాకు పని వచ్చాక, “నువ్వే విను, నువ్వే రాయి” అన్నారు. నేనే రాస్తున్నాను, ఇప్పటికీ.

ఒకటి మాత్రం నన్ను తినేస్తోంది. ఆయన చెవి నిజంగానే పోయిందేమో, అలాగైతే నా తప్పు కొంత తగ్గుతుందేమో అని, పోయిన నెల ఒక తీగను వెంట్రుకవాసి వదులు చేసి మీటాను. కొట్టు అవతలి చివర బాబాయ్ చటుక్కున తలెత్తారు. ఏదో అనబోయారు. చెవి తడుముకుని తల దించుకున్నారు.

నాకు సిగ్గేసింది. ఏడుపొచ్చింది.

ఈ ఉదయం చీటీ మీద ‘ఆ రోజు పెట్టె తెరిచింది నేనే’ అని రాసి, పెట్టెలో కాకుండా ఆయన బల్ల మీద పెట్టాను. క్షమించమని రాయలేదు. ఏం అంటారో తెలియదు, పొమ్మనైనా అనొచ్చు. అయినా ఆరేళ్ళ తర్వాత ఇవాళే ఊపిరి పూర్తిగా ఆడుతోంది. బయట ఆయన స్కూటర్ ఆగింది.