పెద్దమ్మ కొట్టనివ్వని గుర్రం

నా చిన్నప్పుడు నాచారంలో మా ఇంటి వెనకగోడకు ఆనుకునే మా పెద్దమ్మ వాళ్ల గుర్రాల కొట్టం ఉండేది. పెండ్లి ఊరేగింపులకు గుర్రాలను తోలుకుపోవడం మా పెద్దనాన్న పని. ఆయనకు పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక ఇక ఆ కొట్టం మూతపడుతుందని బస్తీలో అందరూ అనుకున్నారు. మా పెద్దమ్మ కొంగు నడుముకు దోపుకుని తానే కళ్లెం పట్టుకుంది. గుర్రం పక్కన ఆడమనిషి నడిస్తే పెండ్లికి మంచిది కాదని కొందరన్నారు. "అయితే నన్ను పిలువకున్రి" అని తన పనిలో తాను పడింది.

ఆమె దగ్గర రెండు గుర్రాలుండేవి. తెల్లది మార్వాడీ జాతిది. దాని చెవుల కొనలు లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకేవి. పక్కనే బ్యాండు మోగినా కునుకు తీయగలదు. రెండోది ఎర్రటి ఆడగుర్రం. దాని తల్లి రేసుల్లో పరుగెత్తి, కాలు దెబ్బతిన్నాక మా పెద్దనాన్న చేతికి వచ్చింది. పిల్ల మా కొట్టంలోనే పుట్టి పెరిగినా అన్నీ తల్లి పోలికలే. ఈగ వాలితే ఒళ్లంతా జలదరించేది. వెనక చప్పుడైతే ఏమిటో చూడదు, ముందు పరుగందుకుంటుంది. ఒకసారి సైకిల్ గంటకు బెదిరి కొట్టం తలుపు విరగదన్నింది. అప్పటినుంచి దానిది చెడ్డ రక్తమని, వదిలించుకొమ్మని చెప్పనివాడు లేడు.

ఆ మాటంటే పెద్దమ్మకు ఒళ్లు మండేది. అలాగని రక్తంలో ఏముందిలే అని ఆమె ఎన్నడూ అనలేదు. "రక్తం ఉంటది బిడ్డా, ఎందుకుండదు? దీని తల్లిని, తల్లి తల్లిని ఉరుకనీకే పెంచిన్రు. గిప్పుడు ఉరికితే తప్పంటే ఎట్ల?" అనేది నాతో. అందుకే రెండింటినీ ఒకేలా చూసేది కాదు. తెల్లదాని కళ్లెం దగ్గరగా పట్టేది. ఎర్రదానికి వదులుగా ఇచ్చేది, బిగబడితే అది ఇంకా ముందుకు తోసుకుపోయేది కనుక. ముట్టుకునే ముందు దానితో మాట్లాడాలి. వెనక నుంచి పోకూడదు. ఊరేగింపు ఉన్ననాడు ఉలవలు తగ్గించి, తెల్లవారగానే చెంగిచెర్ల వైపు బయలుకు తీసుకుపోయి అలిసేదాకా తిప్పి తెచ్చేది.

ఒక పెండ్లినాడు తెల్లదాని కాలు వాచింది. ఉప్పల్‌లో పొద్దుటి ఊరేగింపు. పెద్దమ్మ పెండ్లివాళ్లకు ముందే చెప్పింది, ఎర్రది వస్తుందని, బ్యాండు గుర్రానికి ముందే నడవాలని, పటాకులు వద్దే వద్దని. వాళ్లు సరేనన్నారు. బడి లేదు కనుక నేనూ వెంట వెళ్లాను.

సగం దారి దాకా గుర్రం చెవులు అటూ ఇటూ తిప్పుతూనే బుద్ధిగా నడిచింది. పెద్దమ్మ దాని భుజం పక్కన నడుస్తూ ఏదో చెబుతూనే ఉంది. పెండ్లికొడుకు మేనమామకు మాత్రం అంతా చప్పగా అనిపించినట్టుంది. గుర్రం వెనక పటాకుల సరం పరిచి అంటించాడు.

గుర్రం ముందుకాళ్లు గాల్లోకి లేచాయి. పెండ్లికొడుకు దాని మెడను కరుచుకున్నాడు. అది దూకగానే పెద్దమ్మ కళ్లెం గుంజకుండా దానితోపాటే పరుగెత్తింది. పరుగెత్తుతూనే గుండ్రంగా తిప్పి, తిప్పి, ఆపింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అప్పటికే మేనమామ కట్టె పట్టుకుని వచ్చాడు.

"జాతే మంచిది కాదమ్మా. నాలుగు సరుసు, సీదా అయితది."

పెద్దమ్మ గుర్రానికి అడ్డంగా నిలబడింది. "జాతికేమైంది అన్నా? బెదురుతదని ముందుగాలనే జెప్పిన. ఇనకుంట కాల్చింది నువ్వు. దాన్ని కొట్టాల్నంటే ఫస్టు నన్ను కొట్టు."

ఆయన కట్టె దించలేదు. పెద్దమ్మ పెండ్లికొడుకు వైపు తిరిగి, "దిగు కొడుకా" అంది. నడిరోడ్డు మీద పెండ్లివారంతా కేకలు వేస్తుండగా ఆ అబ్బాయి నిజంగానే దిగాడు. "మామా, నేను నడుసుకుంట వస్త. ఆ కట్టె కింద పడెయ్" అన్నాడు. మెడలో పూలదండతో నడిచి వెళ్లిపోయాడు.

మేము నాచారం దారి పట్టాం. గుర్రానికీ పొగరే, ఆడదానికీ పొగరే అని వెనక నుంచి తిట్లు వినిపిస్తూనే ఉన్నాయి. నేను ఆగి రాయి తీసుకున్నాను. పెద్దమ్మ నా చేతిలోంచి దాన్ని తీసి పక్కన పడేసింది. "నీకు అచ్చం మీ నాయనమ్మ కోపమే వచ్చింది. ఉండనీ, మంచిదే. గానీ యాడ ఉరకాల్నో నువ్వే సూసుకోవాలె" అంది.

ఆ ఏడు మాకు పిలుపులు తగ్గాయి. పెద్దమ్మ ఎర్రదాన్ని వదిలించుకోలేదు, మళ్లీ ఊరేగింపుకూ పంపలేదు. ఉరికే గుర్రాన్ని ఉరకనివ్వాలని, బస్తీ చూస్తుండగానే ఆడపిల్లనైన నన్ను దాని మీదికి ఎక్కించి స్వారీ నేర్పింది.

ఇప్పుడు బోడుప్పల్‌లో కొడుకు ఫ్లాటులో ఉంటున్నాను. మా మనవరాలిది ఎదురు చెప్పే నోరు. ఎవరి పోలికో ఈ పిల్లకు అని వచ్చినవాళ్లు నొసలు చిట్లిస్తారు. నా పోలికేనని చెబుతాను. దానితో ఏదైనా చెప్పాలంటే ఎదురుగా కూర్చుని, గొంతు తగ్గించి చెబుతాను. దాని మీద చెయ్యెత్తాలనుకునేవాళ్లు ముందు నన్ను దాటాలి.