మగ్గం ఆపి చదివిన కాగితాలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నోటితో మాట్లాడుకోవడం తక్కువ. కోపతాపాలేమీ కావు, మగ్గాల మోత. మదనపల్లెలో మాది పట్టుచీరలు నేసే ఇల్లు. ఒకే గదిలో రెండు మగ్గాలు, గోడ అవతల పక్కింటివాళ్లవి, వీధి పొడవునా ఇదే వరస. తెల్లారింది మొదలు పొద్దుగూకేదాకా గొంతు చించుకున్నా పక్కనున్న మనిషికి వినబడదు. అందుకని అందరికీ సైగలే అలవాటు. బొటనవేలు నోటి దగ్గర పెడితే నీళ్లు, చూపుడువేలు గిర్రున తిప్పితే దారం చుట్టిన కండె, అరచెయ్యి పొట్ట మీద పెడితే అన్నానికి లెమ్మని.

మా తమ్ముడు ఆ మోతలోనే పెరిగాడు. మగ్గం పక్కనే చీర ఉయ్యాల కట్టి, దాని తాడు కాలి వేలికి చుట్టుకుని, ఊపుతూనే అమ్మ కండెలు చుట్టేది. కాస్త పెద్దయ్యాక వాడు కూడా బొటనవేలు చూపిస్తే నీళ్లొచ్చేవి, పొట్ట తడుముకుంటే అన్నమొచ్చేది. ఎంత బుద్ధిమంతుడమ్మా, నోరే ఎత్తడు అని చూసినవాళ్లంతా మెచ్చుకునేవాళ్లు. అమ్మ మురిసిపోయి దిష్టి తీసేది. రెండేళ్లు దాటినా వాడు 'అమ్మా' అనలేదు.

అప్పుడు మొదలైంది అమ్మ ఏడుపు. మాటలొస్తాయని వసకొమ్ము అరగదీసి నాలుకకు రాసింది. దర్గాలో తాయెత్తు కట్టించింది. ఆసుపత్రికి ఎత్తుకుపోతే డాక్టరమ్మ చూసి, చెవులు బాగానే ఉన్నాయి, బిడ్డతో బాగా మాట్లాడండి అని పంపేసింది. టానిక్ కూడా రాయలేదంటే ఇది మందుకు లొంగని జబ్బేనని అమ్మ నిర్ణయించేసుకుంది. మా ఇంట్లో మూగోళ్లు ఎవరూ లేరే అని మా అవ్వ దెప్పడం ఒకటి. అమ్మకు ముద్ద దిగేది కాదు. వాణ్ణి ఒళ్లో వేసుకుని, "అమ్మా అను కన్నా, ఒక్కసారి అను, నీ కాళ్లు పట్టుకుంటా" అని బతిమాలేది. పక్కనే ఉన్న నాకు అది పెదవుల కదలికలోనే తెలిసేది గానీ మాట వినబడేది కాదు.

అలాంటి రోజుల్లో రామకుప్పం నుంచి మా తాతయ్య వచ్చాడు, అమ్మకు తండ్రి. ఏనుగులు పడి రాగిచేను తొక్కేసి పోయాయి, ఊళ్లో పని లేదు. ఆయనకు మనసులో చదువుకోవడం చేతకాదు. వేలు పెట్టి, గొంతెత్తి చదవాల్సిందే. ఊళ్లో అక్షరాలు రానివాళ్లకు పేపర్ చదివి చదివి అబ్బిన అలవాటు అది. కొన్నాళ్లు మమ్మల్ని ఊరికే చూస్తూ కూర్చున్నాడు. ఒక మధ్యాహ్నం లేచి వచ్చి నాన్న మగ్గం మీద చెయ్యేసి ఆపేశాడు.

"బిడ్డకు చెవులుండాయి అల్లుడా. నేర్సుకునేదానికి ఈ ఇంట్లో మాట యాడుండాది?"

నాన్నకు ఒళ్లు మండింది. "మగ్గం ఆపితే పొయ్యి ఆరిపోతాది మామా. పెండ్లోళ్లు చీర కోసం వస్తాండారు, వాళ్లకేం జెప్పేది?"

అమ్మ నాన్న కాళ్ల దగ్గర కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. చివరికి రోజూ మధ్యాహ్నం అన్నాలయ్యాక కాసేపు మగ్గాలు ఆపడానికి నాన్న ఒప్పుకున్నాడు. పక్కింటి మోత ఆగకపోయినా, మా గదిలో మనిషి గొంతు తెలిసేది.

మా ఇంట్లో పుస్తకాలెక్కడివి? అంగట్లో బెల్లం, చింతపండు కట్టిచ్చిన పొట్లాల కాగితాలే. తాతయ్య వాటిని చేత్తో సాపు చేసి, తమ్ముణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని చదివేవాడు. నక్క కథ సగంలో చిరిగిపోయి ఉంటే మిగతాది తనే అల్లి, నక్కలా ఊళ కూడా వేసేవాడు. ఎరువుల ప్రకటనను సైతం రాగం తీసి చదివేవాడు. తమ్ముడు ఆ నోటివంకే చూస్తూ కూర్చునేవాడు, అంతే. నెల దాటింది. ఒక్క మాట లేదు. దాహమేస్తే మళ్లీ ఆ బొటనవేలే. "ఇంక సాలు నాయనా, నా రాత ఇంతే" అని అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. తాతయ్య ఆమె వీపు వంక చూసి, ఇంకో కాగితం తీశాడు.

చీర ఇవ్వాల్సిన రోజు ముంచుకొచ్చింది. నాన్న ఆగలేకపోయాడు. తాతయ్య కథ మధ్యలో ఉండగానే మగ్గం గుంటలో కాళ్లు పెట్టి నేత మొదలుపెట్టాడు. తాతయ్య గొంతు ఆ మోతలో మునిగిపోయింది. తమ్ముడు ఒళ్లోంచి జారి, తూలుకుంటూ పోయి, నాన్న చెయ్యి రెండు చేతులా పట్టేసుకున్నాడు. మగ్గం ఆగింది. వాడు తాతయ్యవైపు తిరిగి "ఇంగా" అన్నాడు.

ఎవరమూ కదల్లేదు. వాడికి కోపమొచ్చి, "ఇంగా!" అని అరిచాడు. నాన్న మగ్గానికి తల ఆనించి ఏడ్చేశాడు. అమ్మ మాత్రం ఏడవలేదు. కింద పడిన కాగితం తీసి తాతయ్య చేతిలో పెట్టి, "సదువు నాయనా, బిడ్డ అడగతాండాడు" అంది. తర్వాత చెల్లెలు పుట్టినప్పుడు, అక్షరమ్ముక్క రాని మా అమ్మ కాగితం తలకిందులుగా పట్టుకుని, నోటికొచ్చిందల్లా రాగం తీసి చదివేది. ఏమైనా అంటే నన్ను కసిరేది.

ఇప్పుడు పుంగనూరులో మా మనవరాలి ఇంట్లో ఏ మోతా లేదు. తల్లికొక సెల్లు, తండ్రికొక సెల్లు, ముద్ద మింగడానికి బిడ్డ ముందర ఇంకొకటి. రెండేళ్లు నిండొస్తున్నాయి, వాడి నోట మాట లేదు. మొన్న మనవరాలు నా ఒళ్లో తల పెట్టి, "వీడు మాట్లాడడేమో అవ్వా, నాకు బయమైతాండాది" అని ఏడ్చింది. ఆ భయాన్ని మా అమ్మ ముఖంలో చూసినదాన్ని, నేనెలా ఊరుకుంటాను? ముందు డాక్టరుకు చూపించమన్నాను. సెల్లులన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాను. కస్సుమన్నారు, అననీ. రోజూ వాణ్ణి ఒళ్లో పెట్టుకుని, కళ్లు మసకేసేదాకా చదువుతున్నాను.

వాడింతవరకు నోరు విప్పలేదు. ఈ మధ్యాహ్నం మనవరాలు వచ్చి నా చేతిలోంచి పుస్తకం లాక్కుంది. ఇక చాలంటుందేమో అనుకున్నాను. "నువ్వు కాసేపు నడుం వాల్చు అవ్వా, నేను సదువుతా" అని బిడ్డను ఒళ్లోకి తీసుకుంది.