మిరియం తెరిచిన తలుపు

కాశీబుగ్గలో పిల్లలకు కంప్యూటరు నేర్పే మిరియానికి పెళ్లయిన కొన్నేళ్లకే భర్త మత్తయి కిడ్నీలు పాడయ్యాయి. రోజు విడిచి రోజు డయాలసిస్. కేంద్రంలో నీళ్లు ఎప్పుడు ఆగిపోతాయో, యంత్రం ఎప్పుడు మొరాయిస్తుందో అక్కడికి వెళ్లేదాకా తెలిసేది కాదు. ఆ తిప్పలు పడలేక, విశాఖలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసే తమ్ముడు ఎడ్వర్డ్ సాయంతో ఆమె 'పలకరింపు' అని ఒక సైటు పెట్టింది. ఉద్దానం కిడ్నీ రోగుల ఇళ్లవాళ్లు అందులో కబుర్లు రాసుకునేవారు. రాయడం రానివాళ్లు మాట రికార్డు చేసి పెట్టేవారు. యంత్రం చెడితే తెల్లారేసరికి అందరికీ తెలిసిపోయేది.

అలా ఉండగా ఒక పెద్ద కంపెనీ తన యాప్‌కూ చిన్న సైట్లకూ మధ్య గోడలు తీసేస్తున్నానంది. ఇటు రాసింది అటు, అటు రాసింది ఇటు కనపడుతుందంది. మీ సైటు మీదే, మీ జనం మీవాళ్లే, నచ్చకపోతే ఎప్పుడైనా తప్పుకోవచ్చంది.

"ఒద్దప్పా. ఆల్లకి మన మీద పేమేటి? మన జనం కావాల" అక్కతో అన్నాడు ఎడ్వర్డ్.

"సేపలేటకని గుజరాత్ పోయి ఈరావల్ పడవల మీదున్నోల్లందరూ ఆ యాప్‌లోనే ఉన్నార్రా. ఇంటి కబురు ఆల్లకి అందితే తప్పేటి?" అని మిరియం తలుపు తెరిపించింది.

మొదట్లో అంతా పండగే. గుజరాత్ రేవు నుంచి గోవిందు గొంతు వినిపించిన రోజు అతని తల్లి సన్యాసమ్మ, వజ్రపుకొత్తూరు వైపు నుంచి బస్సెక్కి వచ్చి మరీ మిరియం చేతులు పట్టుకుంది. ఆ గోవిందే తర్వాత తల్లి ఫోనులో యాప్ వేయించాడు. అందులో వీడియోలున్నాయి, పాటలున్నాయి. ఒకరి వెనక ఒకరు అందరూ అటే పోయారు. యంత్రం కబుర్లు వేసే కేంద్రం కుర్రాడు హేమంత్ కూడా అక్కడే వేయడం మొదలుపెట్టాడు.

"అక్కడేసినా నీకు కనపడతాది కదా పిన్నీ. ఆ పాత కొట్టు పట్టుకుని ఎందుకు కూకున్నావు?" అని నవ్వాడు.

కనపడింది, కొన్నాళ్లు. తర్వాత ఆ కంపెనీ, ఈ ఏర్పాటు వాడేవాళ్లు తక్కువగా ఉన్నారని చెప్పి తలుపు మూసేసింది. జనం అటే ఉండిపోయారు. మిరియం కంపెనీకి ఉత్తరాలు రాసింది. జవాబు లేదు. ఆ యాప్‌లో మాత్రం చేరనంది. అది ఆమె పంతం.

ఆ వానాకాలంలో ఒక ఉదయం మత్తయిని ఆటోలో కేంద్రానికి తీసుకెళ్తే తలుపులు వేసి ఉన్నాయి. మనిషి అప్పటికే ఉబ్బిపోయి ఆయాసపడుతున్నాడు. డయాలసిస్ మీదున్న సన్యాసమ్మ భర్త సంగతి గుర్తొచ్చి మిరియం ఆమెకు ఫోన్ చేసింది.

"నీల్ల మోటారు కాలిపోనాదంట. నిన్న పొద్దున్నే ఏసినాడు కదమ్మా హేమంతు. మేమందరం టెక్కలి ఒచ్చీసినాం. నువ్వు సూడలేదేటి?"

మిరియం భర్తను మళ్లీ ఆటో ఎక్కించింది. అటునుంచి అటే టెక్కలి ఆసుపత్రికి బయలుదేరింది. అక్కడ ముందురోజు వచ్చినవాళ్లతో మంచాలన్నీ నిండిపోయి ఉన్నాయి. వరండాలో బల్ల మీద ఆమె భుజానికి ఒరిగి కూర్చున్న మత్తయి, వంతు రాకముందే పోయాడు. లోపల యంత్రం మీద సన్యాసమ్మ భర్త నిద్రపోతున్నాడు.

సమాధి కార్యక్రమం అయ్యాక పాస్టరుగారు ఆమెను ఓదారుస్తూ, "మత్తయిగారి గురించి మనోల్లందరూ యాప్‌లో ఎంత బాగా రాసినారమ్మా. సదివినావా?" అన్నారు.

చదవాలంటే చేరాలి. యాప్ ఆమె ఫోను నంబరు అడిగింది, మిరియం ఇచ్చింది. ఫోనులోని పేర్లన్నీ అడిగింది, అవీ ఇచ్చింది. హేమంత్ పెట్టిన మత్తయి ఫొటో కింద ఊరి జనమంతా కనిపించారు, ఏడుస్తున్న బొమ్మలతో. ఆ ఫొటో 'పలకరింపు'లో ఆమె పెట్టినదే.

దాని కింద మిరియం 'వందనాలు' అని రాసి, తమ్ముడికి ఫోన్ చేసి సైటు తీసేయమంది.