సోడా బాబాయి గుండె బొమ్మ

మా బాబాయిని వీధిలో అందరూ సోడా అనేవారు. ఏ విందుకు వెళ్ళినా, గ్లాసులు గలగలలాడే బల్ల దగ్గరే కూర్చుని, ఒక్క సోడా తెప్పించుకుని, దాన్నే గంటసేపు చప్పరించేవాడు. మందు వాసనంటేనే ఆయనకి పడదు. మనిషి మాత్రం ఎప్పుడూ కాస్త మత్తులో ఉన్నట్టే ఉండేవాడు. ఒక పిలుపుకి ఏనాడూ పలకలేదు, రెండోదానికే. అదంతా ఆయన ఉద్యోగం చలవ. సినిమాహాల్లో ఆపరేటరు. చీకటి గదిలో, మిషను గరగరల మధ్య, చిన్న కిటికీలోంచి తెర దాకా పోయే వెలుతురు చారను చూస్తూ రోజంతా గడిపేవాడు. కథ కంటే ఆ వెలుతుర్లో ఎగిరే దుమ్మే బాగుంటుందనేవాడు. సాయంత్రం బయటికొస్తే వీధి కూడా ఎవరో వేసిన బొమ్మలాగే కనపడేదట.

"ఆ చెట్టు కొంచెం మసగ్గా లేదూ?" అని నన్నడిగేవాడు.

"చెట్టు బాగానే ఉంది బాబాయ్, కళ్ళజోడు పెట్టుకో" అనేదాన్ని.

అలాంటి మనిషికి పొట్ట ఉబ్బింది. కాళ్ళు వాచాయి. మెట్లెక్కి మిషను గదికి చేరేసరికి ఆయాసం. పరీక్షలు చేసి లివరు పెరిగిందన్నారు. గుండెని తెర మీద చూపించే ఎకో పరీక్ష కూడా హడావుడిగా చేసేసి, గుండె బ్రహ్మాండంగా కొట్టుకుంటోందన్నారు.

"ఇకనైనా తాగుడు మానెయ్యండి" అన్నాడు డాక్టరు.

"నేను తాగనండీ" అన్నాడు బాబాయి.

డాక్టరు పిన్ని వైపు చూసి నవ్వాడు. అందరూ మొదట అదే మాట అంటారట.

ఆ నవ్వు వాళ్ళతో పాటు ఇంటికొచ్చింది. నిప్పు లేనిదే పొగ రాదన్నారు ఇరుగుపొరుగు. సోడాలో ఏదో కలుపుతూనే ఉన్నాడు, మనమే వెర్రివాళ్ళం అన్నారు. పిన్ని కొన్నాళ్ళు నమ్మలేదు. తర్వాత మిషను గదికెళ్ళి రీళ్ళ డబ్బాల వెనక సీసాల కోసం వెతికింది. ఏమీ దొరకలేదు. దాంతో మంట ఇంకా పెరిగింది.

"ఎంత తెలివిగా దాస్తున్నాడో చూశావా!" అంది నాతో.

నాకు ఒళ్ళు మండిపోయింది. దొరికినా దొంగే, దొరక్కపోయినా దొంగే అయితే ఆ మనిషి ఏం చెయ్యాలి? ఆవిడ పక్క గదిలోకి మంచం మార్చుకుంది. ఆయనతో మాట్లాడటం మానేసింది. ఎదురుగా కూర్చునే "మందులు వేసుకోమని మీ బాబాయికి చెప్పవే" అనేది. "వేసుకున్నానని మీ పిన్నికి చెప్పమ్మా" అనేవాడాయన. మధ్యలో నేను టెలిఫోను తీగ. చివరికి కూతురి దగ్గరికి వెళ్ళిపోతానని పెట్టె కూడా సర్దుకుంది. వెళ్ళేలోపు ఇంకో ఆస్పత్రిలో చూపిద్దామని నేనే బతిమాలి ఇద్దర్నీ బయల్దేరదీశాను.

అక్కడి గుండె డాక్టరమ్మ బాబాయి పొట్ట కంటే ముందు మెడ చూసింది. కూర్చున్నా కూడా మెడ మీద నరం ఉబ్బే ఉంది. "ఎకో నేనే తీస్తాను" అంది.

ఎకో గది చీకటి. ఒక మూల చిన్న తెర వెలుగుతోంది. గుమ్మంలో అడుగు పెట్టగానే బాబాయి మొహం విప్పారింది, సొంతింటికి వచ్చినట్టు. ఎడమ పక్కకి తిరిగి పడుకున్నాడు. డాక్టరమ్మ ఆయన ఛాతీ మీద చల్లటి జెల్లు పూసి, చేతిలోని పరికరాన్ని ఆనించింది. తెర మీద బూడిద రంగు వెలుతుర్లో గుండె కదలసాగింది. నీళ్ళ అడుగున ఏదో తనలో తాను ఊగుతున్నట్టుంది. చప్పుడు పెడితే హుష్, హుష్ అంటూ దూరంగా గాలి వీచింది. కాసేపు మేం ఎందుకొచ్చామో కూడా మర్చిపోయాను.

"బొమ్మ కొంచెం మసగ్గా ఉందమ్మా" అన్నాడు బాబాయి, అరమోడ్పు కళ్ళతో.

"ఉండండి, సరిచేస్తాను" అని నవ్విందావిడ. "మెల్లగా గాలి పీల్చండి. ఇప్పుడు వదలండి."

ఆయన పీల్చాడు. గుండెలో రెండు గదుల మధ్య గోడ ఉలిక్కిపడి ఎడమకి జరిగింది. వదిలాడు. మళ్ళీ వెనక్కి వచ్చింది. పీల్చమంది, వదలమంది, మళ్ళీ మళ్ళీ. తెలీకుండానే నేను కూడా ఆయనతో పాటే పీల్చి వదులుతున్నాను. మూలన కూర్చున్న పిన్ని కూడా అంతే.

"చిన్నతనంలో క్షయ ఏమైనా వచ్చిందా?" అని అడిగింది డాక్టరమ్మ.

"పెళ్ళికి ముందెప్పుడో. మందులు వాడితే తగ్గిపోయింది" అన్నాడు బాబాయి.

"గుండె చుట్టూ సంచిలా పల్చటి పొర ఉంటుంది. ఆనాటి క్షయ వల్లే కావచ్చు, మీకది పెంకులా గట్టిపడిపోయింది. గుండె కండ బాగానే ఉంది, అందుకే పైపైన చూస్తే ఏమీ తెలీదు. కానీ విచ్చుకోడానికి చోటు లేదు. ఊపిరి తీసుకున్నప్పుడల్లా లోపలి గదులు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఆ గోడ జరగడం చూశారుగా! లోపలికి రావాల్సిన రక్తం వెనకే ఆగిపోతోంది. లివరు పెరిగిందీ, నీరు పట్టిందీ అందుకే. అరుదైన జబ్బు. ఇంకో స్కాన్ తీసి ఖాయం చేసుకుంటాం. ఆపరేషన్ చేసి ఆ పొర తీసెయ్యాల్సి ఉంటుంది."

ఆ ఆపరేషను తర్వాత జరిగింది, బాబాయి మెల్లగా తేరుకున్నాడు కూడా. నేను చెప్పాలనుకున్నది మాత్రం అది కాదు.

"మరి తాగుడు?" అంది పిన్ని, చీకట్లోంచి.

"దీనికీ తాగుడికీ ఏ సంబంధమూ లేదండీ."

పిన్ని లేచి మంచం దగ్గరికొచ్చింది. తప్పు తనదైనా ముందు కసురుకోవడం ఆవిడకి అలవాటే.

"మరి ఒట్టేసి చెప్పొచ్చుగా! నాలుగు కేకలేసుంటే నోరు మూసుకునేదాన్నిగా! రానురాను చెప్పడమే మానేశారేంటండీ?"

బాబాయి తెర మీది గుండెనే చూస్తున్నాడు.

"నాకే అనుమానమొచ్చిందే. ఇంతమంది అబద్ధం చెప్పరు కదా! నిద్దట్లో లేచెళ్ళి తాగొచ్చి, పొద్దున్నకి మర్చిపోతున్నానేమో అనుకున్నా. అందుకే పడుకునే ముందు తువ్వాలుతో కాలు మంచానికి కట్టేసుకునేవాణ్ణి."

పిన్ని ఆయన కాళ్ళు రెండూ పట్టుకుని అక్కడే కూలబడిపోయింది.